హిందోళములో పంచమమా?

పొలసర, బరంపురం ప్రాంతముల మన పండుగ సభలకు ఎలక్ట్రానిక్ కీబోర్డు వచ్చినది. వచ్చినందుకు మాకు కోపము లేదు. గంజాం ప్రహ్లాద నాటకములో హార్మోనియము ఏనాటినుండియో పలుకుచున్నది. 1940లో ఆలిండియా రేడియో ఆ వాద్యమును నిషేధించి, మూడు దశాబ్దములపాటు ఆ పట్టు విడువకున్నను, మన పందిళ్లు దానిని వెలివేయలేదు. మా తగవు వాద్యముతో గాదు. పాట వినకయే మూడు మెట్లను ఒక్కమారుగా నొక్కు చేతితో.

గాయకుడు హిందోళములో కీర్తన యెత్తుకొనును. ప్రక్కనున్న యువకుడు షడ్జమము, గాంధారము, పంచమము కలిపి నొక్కును. హిందోళములో పంచమమే లేదు గదా! “మైనరు కార్డు కదండీ” యని సమాధానము. ఏ పుస్తకములోని మైనరైన నేమి, రాగము వర్జించిన స్వరమును గాయకునికి ఆధారముగా నిచ్చుట పక్కవాద్య ధర్మము గాదు.

పోనీ, రాగములోని స్వరములనే యేరి నొక్కిన చాలునా? చాలదు. అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. ధైవతము, షడ్జమము, గాంధారము కలిపి, ధైవతమును అడుగున నుంచి నిలిపినచో చెవి దానినే ఆధార షడ్జమముగా పట్టుకొనును. అప్పుడు వినవచ్చునది మోహనము. మధ్యమము, ధైవతము, షడ్జమము అట్లే నిలిపినచో శుద్ధధన్యాసి. మన పెద్దలు గ్రహభేదమన్నది దీనినే. గాయకుడు ఒక యింట నుండగా పక్కవాద్యము పొరుగింటి తలుపు తెరచుచున్నదన్నమాట! షడ్జమమును అడుగున నుంచి, దానిపై మధ్యమ నిషాదములను పేర్చి చూడుడు: రాగము చెడదు, గాయకునికి చోటును మిగులును.

ఇది పాశ్చాత్యు లెరుగని మర్మము గాదు. 1959లో మైల్స్ డేవిస్ ‘సో వాట్’ రికార్డు చేసినపుడు పియానోపై బిల్ ఎవాన్స్ ప్రధానముగా షడ్జమధ్యమ దూరములనే పేర్చి కార్డులు కట్టెను. ఆ పాటలో పదునారు ఆవర్తములు ఒకే స్వరావళి. ఎనిమిది అర మెట్టు పైన. మరల ఎనిమిది మొదటిదానిలో. జాజ్‌లో పక్కన కార్డులు వేయు నేర్పరి ముందు వినును, మూలస్వరమును తరచు బాస్‌కు విడుచును, తక్కువ నొక్కును. మనవారు జాజ్ పేర తెచ్చుకొన్నది ఆ వినికిడి గాదు, మోత.

కార్డు మాటయే వలదను ఛాందసులతోను మే మేకీభవింపము. ముత్తుస్వామి దీక్షితులవారు పాశ్చాత్యపు బాణీలకు శంకరాభరణములో నోటుస్వర సాహిత్యములు కూర్చిరి. వానికి కార్డులు చక్కగా నమరును. తోడి గాంధారమున కమరవు. ఆ గాంధారము ఊగుటలోనే యున్నది. కీబోర్డు మెట్టు ఊగదు.

ఇది పండితుల తగవని త్రోసిపుచ్చవలదు. 1936లో గంజాం అధికభాగము ఒరిస్సాలో చేరినది. మన పిల్లలలో పెక్కుమంది చదువు ఒడియా బడిలోనే. తెలుగు అక్షరము రాని బిడ్డకు తెలుగు పద్యము చెవి ద్వారానే రావలెను. తాళము లేని పద్యమును యంత్రము తన తాళముతో తరిమినచో గాయకుడు విరువరానిచోట మాట విరుచును. బిడ్డకు ఆ మాట అందదు.

వచ్చు శ్రీరామనవమికి కీబోర్డు ముందు కూర్చుండు యువకుని మేము కోరున దింతియే: గాయకుని షడ్జమ మేదో, రాగములో లేని స్వరము లేవో ముందడిగి తెలిసికొనుము. తెలియనినాడు షడ్జమ మొక్కటే నిలుపుము.