రెండు కన్నులు, ఒక్క చూపు

మన అనంతపురపు మెట్టసీమలో వానలకు కొదువయే గాని వినోదములకు కొదువ లేదు. ధర్మవరము చెంత నిమ్మలకుంటలో మేకతోలుతో బొమ్మలు చేసి, తెరవెనుక దీప ముంచి యాడించెడి కుటుంబములు నేటికిని గలవు. ఆ యాట యెంత మనోహరమైనను, తెరమీద మన రెండు కన్నులకును అగపడునది చదునైన యొక్క చిత్రమే.

గడచిన వేసవిలో అమెరికానుండి వచ్చిన మా బంధువు లొక పాత యాటయంత్రమును దెచ్చిరి. అది జపానుదేశపు నింటెండో సంస్థవారు 1995లో వెలువరించిన వర్చువల్ బాయ్. దానిని గల్పించినవాడు గుంపే యోకోయ్. బల్లమీద నుంచి, కన్నులానించి చూడవలెను. చీకటిలో ఎఱ్ఱని బొమ్మలే గాని వేఱు రంగు లేదు. ఒక్కొక్క కంటికి రవంత తేడాగల చిత్రము వేఱువేఱుగా గనబడును. ఆ రెంటిని మనస్సు కలిపికొనగా లోతు తోచును. ఈ సూత్రమును వీట్‌స్టన్ అను ఆంగ్లేయుడు 1838లోనే వివరించెను. అందులో వారియో యనువాడు గుహలలో నిధులు వెదకుచు, దగ్గఱనుండి దూరమునకును, దూరమునుండి దగ్గఱకును దుముకుచుండును.

పిల్లలందఱు "ఎంత లోతో!" యని కేకలు వేయుచుండగా, మా వదినెగారి తొమ్మిదేండ్ల కూతురు మాత్రము "నాకు లోతేమియు గనబడలేదత్తా" అనెను. పిల్లలు నవ్విరి. తల్లి "సరిగా చూడవే" యని గసరెను. మేమును మొదట ఆ మాట లెక్కచేయలేదు; అందుల కిప్పటికిని సిగ్గుపడుచున్నాము. సాయంకాలము కుడికన్ను మూసి గోడమీది క్యాలెండరు చదువుమనగా ఆ బిడ్డకు అక్షరములు తెలియలేదు. కంటివైద్యులు పరీక్షించి, ఎడమకన్ను మందగించినదనియు, అద్దములు పెట్టి, మంచికంటిని దినమునకు కొన్ని గంటలు మూసి, మందకంటిచే పని చేయింపవలెననియు జెప్పిరి. చిన్నతనమున నీ చికిత్స బాగుగా ఫలించును. ఆలస్యమైనకొలది ఫలము తగ్గును. బిడ్డకు చికిత్స యింకను జరుగుచున్నది.

ఆటయంత్రములు కొనుడని మేము చెప్పము. ఏడేండ్లలోపు పిల్లలకు దాని నీయరాదని ఆ సంస్థవారే హెచ్చరించిరి. నడుమ నడుమ ఆట తనంత నాగు నేర్పాటును జేసిరి. కన్నులకును మెడకును శ్రమయని పలువు రనిరి. ఏడాది తిరుగక మునుపే దాని యమ్మకము నిలిచిపోయెను. లోతు తోచని వారందఱికి నీ లోపమే యుండునని గాదు. కాని రెండు కన్నులు తెఱచియున్నపుడు మంచికన్ను మందకంటి కొఱతను దాచును. కావున మీ పిల్లలను ఒక్కొక్క కన్ను మూసి చూడుమనుడు. తేడా తోచిన వెంటనే వైద్యునికి జూపుడు. బిడ్డ "కనబడలేదు" అన్నపుడు, గసరక వినుడు.