మనోనిగ్రహానికి మగా ఆడా ఏమిటి?

"మగాడన్నాక తాగుతాడు, తాగినా కంట్రోల్‌లో ఉంటాడు." ఈ మాట మీరూ వినే ఉంటారు. తాగి బండి నడిపి పట్టుబడేది ఎక్కువగా మగవాళ్ళే కదా అంటే, ఇంకో మాట తయారు: "ఆడవాళ్ళకి పుట్టుకతోనే నిగ్రహం ఎక్కువ." రెండూ నమ్మకాలే. జాతకాలని చీల్చి చెండాడే హేతువాద మిత్రులు కూడా వీటిని ప్రశ్నించరు. నా బాధ అదే.

ముందు లెక్క చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్ళు నిండిన మగవాళ్ళలో తాగేవాళ్ళు సుమారు 19 శాతం, ఆడవాళ్ళలో 1 శాతం. తెలంగాణలో 43, 7. తాగేదీ, బండి నడిపేదీ ఎక్కువగా మగవాళ్ళే అయినప్పుడు పట్టుబడేదీ వాళ్ళే. ఇందులో నిగ్రహం వాటా ఎంతో తేలాలంటే తాగే ఆడవాళ్ళనీ తాగే మగవాళ్ళనీ, నడిపిన కిలోమీటర్లు కూడా లెక్కలోకి తీసుకుని పోల్చాలి. నేరాలకి మూలం నిగ్రహలేమి అని 1990లో సిద్ధాంతం చేసిన గాట్‌ఫ్రెడ్‌సన్, హిర్షీ కూడా నిగ్రహం ముఖ్యంగా చిన్ననాటి పెంపకంతో వస్తుందనే అన్నారు.

మగవాడికి నిగ్రహం చేతకాదంటారా? అయ్యప్ప మాల వేసుకున్నవాడు 41 రోజులు చుక్క ముట్టడు. స్వామి మహిమ అంటారు భక్తులు. నేనంటాను: ముందే చేసుకున్న నిర్ణయం ఉంది, చుట్టూ చూసే కళ్ళున్నాయి, తప్పితే పరువు పోతుందన్న భయం ఉంది. మాల తీశాక ఈ మూడూ పోతాయి. మనిషి మాత్రం వాడే.

ఇక "తాగినా కంట్రోల్" సంగతి. "వద్దు, ఆగు" అని చెప్పే మెదడు ముందుభాగాన్నే మందు మందగింపజేస్తుంది. అంటే "నేను బాగానే ఉన్నాను" అని చెప్పే సాక్షి కూడా తాగే ఉన్నాడు! అలవాటైనవాడికి తూలడం తగ్గొచ్చు, రక్తంలో ఆల్కహాల్ తగ్గదు. స్త్రీ శరీరంలో సగటున నీటి శాతం తక్కువ. అందుకని అంతే బరువున్న మగవాడితో సమానంగా తాగితే ఆమె రక్తంలో మోతాదు ఎక్కువవుతుంది. ఏ సంస్కారమూ దీన్ని మార్చలేదు. చట్టం కూడా శీలాన్ని కొలవదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటిందా లేదా, అంతే.

కాబట్టి నిగ్రహం చూపాల్సింది మొదటి పెగ్గుకి ముందు. తాళాలు ఇంట్లో పెట్టి ఆటోలో వెళ్ళడమే నిగ్రహం. 2019 సవరణతో మొదటిసారి జరిమానా 10,000 రూపాయలు చేశారు, ఆరు నెలల దాకా జైలు అంతకుముందే ఉంది. మంచిదే. కానీ ఏ రాత్రయినా ఏ రోడ్డు మీదయినా దొరికిపోతాననే ఖాయం లేకపోతే అది కాగితం మీద అంకె.

"నాకు కంట్రోల్ ఉంది" అనేవాళ్ళని ఒకటే అడుగుతాను: తాయెత్తు కాపాడుతుందనేవాడికీ మీకూ తేడా ఏమిటి? వాడి నమ్మకం వాడి మెడలోనే ఉంటుంది. మీ నమ్మకం ఎదురుగా వచ్చేవాడి ప్రాణం తీస్తుంది.