ఉప్పుగాలిలో పాత మారుతి

పాత కారును ఇంటి ముందు నిలబెట్టి, చేతులకు మసి అంటించుకుని బాగుచేసుకునేవాణ్ణి లోకం పిసినారి అంటుంది, లేకపోతే పనిలేనివాడంటుంది. నా దృష్టిలో అతడు తన వస్తువు పట్ల బాధ్యత ఎరిగిన గృహస్థు. ఆ మాట చెప్పడానికే ఈ టపా.

నేను చెబుతున్నది మారుతి 800 గురించి. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ నిలిచిపోయిన ఈ చిన్న కారు శ్రీకాకుళం, విజయనగరం వీధుల్లో ఇంకా అక్కడక్కడ తిరుగుతూనే ఉంది. మూడు సిలిండర్లు, 796 సీసీల ఇంజను. బానెట్టు ఎత్తితే ఏది ఎక్కడుందో కంటికి ఆనుతుంది. కంప్యూటరు తగిలిస్తే తప్ప రోగం చెప్పలేని నేటి కార్లకు ఈ సుగుణం లేదు.

మన ప్రాంతంలో ఈ బండికి అసలు శత్రువు ఇంజను అరుగుదల కాదు, తుప్పు. బారువ నుంచి కళింగపట్నం మీదుగా చింతపల్లి దాకా తీరమంతా ఉప్పుగాలే. ఆ ఉప్పు చక్రాల పైకప్పుల్లో, గుమ్మాల కింద, తలుపుల అడుగున చేరి రేకును లోపలినుంచి తినేస్తుంది. రంగు పొంగి బయటికి కనిపించేసరికి లోపల సగం పోయి ఉంటుంది. తలుపు అడుగున నీరు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో పూడుకుపోతే వాననీరు లోపలే నిలుస్తుంది. చీపురుపుల్లతో నెలకోసారి వాటిని పొడిచి శుభ్రం చెయ్యడం, సముద్రం దాకా వెళ్ళివచ్చిన రోజున బండి అడుగును మంచినీళ్ళతో కడగడం - ఈ రెండు పనులూ ఖర్చు లేనివి. తుప్పు మచ్చ కనబడితే గీకి, రెడాక్సైడు పూసి, పైన రంగు వేసుకోవాలి. ఆ పని వచ్చే సంక్రాంతికి వాయిదా వేస్తే రేకు అతుకు వేయించుకోవలసి వస్తుంది.

మిగిలిన పనులకు కూడా పెద్ద విద్య అక్కరలేదు. తెల్లవారి ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆయిలు పుల్ల తీసి మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో చూడాలి. రేడియేటరులో బావినీళ్ళు పొయ్యకూడదు, వాటిలోని లవణాలు లోపల పొరలు కడతాయి. వేడిమీద దాని మూత అసలే తియ్యకూడదు. బ్యాటరీ కొనల మీద బూజులా పేరుకున్న తెల్లటి పొడిని, ముందు మైనస్ తీగ విప్పి, వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి, ఆరాక వాసెలిన్ రాయాలి. స్పార్కు ప్లగ్గులు విప్పితే అవే కబురు చెబుతాయి: లేత గోధుమ రంగు ఆరోగ్యం, పొడి మసి పెట్రోలు ఎక్కువవుతోందన్న సూచన, నూనె జిడ్డు ఇంజను లోపలి అరుగుదలకు గుర్తు. మెకానిక్కు దగ్గరికి ఈ కబురుతో వెళ్ళినవాడికీ, "ఏదో చప్పుడొస్తోందండీ" అని వెళ్ళినవాడికీ బిల్లులోనే తేడా తెలుస్తుంది.

అయితే ఇంటి వైద్యానికి హద్దుంది. బ్రేకులు, స్టీరింగు, పెట్రోలు కారడం - వీటిని తెలిసినవాడి చేతిలోనే పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరడం ప్రాణంతో ఆట. 2018లో తిత్లీ వచ్చినప్పటిలా తుపాను నీళ్ళలో మునిగిన బండిని, నీరు తీసింది కదా అని స్టార్టు చేస్తే ఇంజనులో చేరిన నీరు కనెక్టింగు రాడ్లను వంచేస్తుంది. ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాలు కలుస్తోంది. పాత రబ్బరు గొట్టాలు దానికోసం తయారైనవి కావు గనుక వాటిని తరచు పరీక్షించి మార్చుకోవాలి.

ఇక ప్రభుత్వం సంగతి. పదిహేనేళ్ళు నిండగానే బండి తుక్కే అని ఢిల్లీ కబుర్లు విని భయపడేవారున్నారు. మన రాష్ట్రంలో సొంత కారుకు ఆ నియమం లేదు. తనిఖీలో నెగ్గితే రిజిస్ట్రేషను మరో అయిదేళ్ళకు పొడిగిస్తారు. కాని ఆ రుసుము 2022 ఏప్రిల్లో 600 నుంచి 5,000 రూపాయలైంది. ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. నా అభ్యంతరం ఇక్కడే. వయసును బట్టి వేసే రుసుము బండిని కన్నబిడ్డలా చూసుకున్నవాడికీ, పొగ కక్కిస్తూ తిప్పేవాడికీ ఒకటే. రుసుము తగ్గించి తనిఖీని కఠినం చేస్తే న్యాయంగా ఉండేది.

పాత బండిలో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. కార్బొరేటరు బండి పొగ కొత్తవాటి పొగకన్నా చెడ్డది. ఈ వాదనలు నిజమే గనుక కాదనను. అందుకే పిల్లాపాపలతో జాతీయ రహదారి మీద లారీలతో పోటీపడడానికి దాన్ని వాడమనను. బజారుకీ, స్టేషనుకీ, పక్క ఊరి పెళ్ళికీ అది చాలు. చట్రం తుప్పుపట్టి బలం పోయిన నాడు మమకారం వదులుకుని తుక్కుకి ఇచ్చెయ్యడమే ధర్మం.

బొబ్బిలి వీణకు మైనం సడలితే మళ్ళీ మేళం కట్టించుకుంటారే గాని వీణనే పారెయ్యరు. సంగీతానికి మనం ఇచ్చే ఈ ఓపికలో కాస్త ఇనుముకూ ఇవ్వవచ్చు. మీ ఇంటి ముందు అలాంటి బండి ఉంటే ఈ ఆదివారం తలుపులు తెరిచి, అడుగున ఆ చిన్న రంధ్రాలు పూడిపోయాయేమో చూడండి. చీపురుపుల్ల ఎలాగూ ఇంట్లో ఉంటుంది.