పిల్లల నొప్పికీ ఒక సంఘం కావాలి

కౌలాలంపూర్ నుంచి బాగన్ దాతుక్‌లోని మా అత్తగారింటికి కారులో దాదాపు రెండున్నర గంటలు. చివరి గంట దారి పొడవునా కొబ్బరి, పామాయిల్ తోటలే. తాతల కాలంలో ఈ తోటల్లో పనికి వచ్చిన తెలుగువాళ్ల వారసులు ఇప్పటికీ ఇక్కడ ఉన్నారు. నేనేమో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చి ఈ ఊరి అల్లుడినయ్యాను.

మొన్న ఉగాదికి వెళ్లినప్పుడు మా బావమరిది కూతురు ఒక మాట అడిగింది. ఆ అమ్మాయి డాక్టరు. అనస్థీషియాలో నాలుగేళ్ల మాస్టర్స్ చేస్తోంది. తర్వాత చిన్నపిల్లల మత్తు డాక్టరు కావాలని కోరిక. “మామయ్యా, పిల్లల అనస్థీషియా, నొప్పి వైద్యం చూసే డాక్టర్ల సొసైటీలో చేరమని మా సీనియర్లు అంటున్నారు. చందా కట్టాలి. దానివల్ల జీతం పెరుగుతుందా అని నాన్న అడుగుతున్నారు. మీరేమంటారు?”

జీతం పెరగదు. అయినా చేరమనే చెప్పాను. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదు.

మా అబ్బాయికి నాలుగేళ్లప్పుడు హెర్నియా ఆపరేషన్ అయింది. సర్జరీ బాగానే జరిగింది. కానీ మెలకువ వచ్చాక వాడు గంటల తరబడి ఏడ్చాడు. పిల్లలన్నాక ఏడుస్తారని అక్కడివాళ్లు అన్నారు. నేనూ తక్కువ తినలేదు. “ఏం కాలేదు నాన్నా, మగపిల్లాడివి, ఏడవకూడదు” అన్నాను. సాయంత్రం ఇంకో డాక్టరు వచ్చారు. ఆరు మొహాలు గీసిన కాగితం వాడి ముందు పెట్టి, ఇందులో నువ్వెవరివి అని అడిగారు. వాడు కన్నీళ్లు కారుస్తున్న చివరి మొహం మీద వేలు పెట్టాడు. మందు మార్చారు. కాసేపటికి నిద్రపోయాడు. అప్పటిదాకా మాలో ఎవరమూ వాణ్ణి అడగలేదు.

పిల్లల్ని అడగకపోవడం మన ఒక్కరి తప్పు కాదు. 1980లలో కూడా, పసికందులకు నొప్పి అంతగా తెలియదని, బలమైన మందులు వాళ్లు తట్టుకోలేరని చాలామంది డాక్టర్లు నమ్మేవారు. కదలకుండా చేసే మందు, కాస్త గ్యాసు ఇచ్చి గుండె దగ్గర ఆపరేషన్ చేసిన రోజులున్నాయి. ఆ నమ్మకాన్ని కదిలించినవారిలో ముఖ్యుడు మన దేశంలో పుట్టి, ఇండోర్‌లో వైద్యం చదివిన డాక్టర్ కన్వల్‌జీత్ ఆనంద్. ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన బృందం నెలలు నిండని శిశువుల్లో కొందరికి ఫెంటానిల్ కూడా ఇచ్చి చూసింది. వాళ్ల శరీరం మీద ఆపరేషన్ ఒత్తిడి తగ్గింది, తర్వాతి ఇబ్బందులూ తగ్గాయి. 1987లో లాన్సెట్‌లో ఆ ఫలితాలు వచ్చాయి.

అయితే ఒక పేపర్ అచ్చయినంత మాత్రాన ప్రతి ఆపరేషన్ థియేటర్లో పద్ధతి మారదు. దాన్ని చదివి, వాదించి, జూనియర్లకు నేర్పే మనుషులు కావాలి. సొసైటీ చేసేది ఆ పనే. అమెరికాలో సొసైటీ ఫర్ పీడియాట్రిక్ అనస్థీషియా 1986లో మొదలైంది. తర్వాత పిల్లల నొప్పి వైద్యానికే ఇంకో సొసైటీ ఏర్పడింది. మన ఖండానికి ఏషియన్ సొసైటీ ఆఫ్ పీడియాట్రిక్ అనస్థీషియాలజిస్ట్స్ ఉంది.

నా ఉద్యోగం భాషలో చెబితే త్వరగా అర్థమవుతుంది. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే, అదే తప్పు ఇదివరకు ఇంకెవరికో జరిగి, వాళ్లు రాసి పెట్టి ఉంటే మనం బతికిపోతాం. అమెరికా సొసైటీవాళ్ల ‘వేక్ అప్ సేఫ్’ అలాంటిదే. మత్తు సమయంలో జరిగిన పెద్ద పొరపాట్లను, ప్రమాదాలను అందులో చేరిన ఆసుపత్రులు పేర్లు లేకుండా ఒకచోట చేర్చి పాఠాలు తీస్తాయి. ‘పీడీ క్రైసిస్’ పేరుతో, బిడ్డకు ఉన్నట్టుండి ప్రాణాపాయం వస్తే ఏది ముందు ఏది తర్వాత చేయాలో వరుసగా రాసి పెట్టారు. పెద్ద నగరంలో డాక్టరుకు పక్క గదిలో సీనియర్ ఉంటారు. చిన్న ఊళ్లో రాత్రి రెండింటికి ఎవరుంటారు? అప్పుడు అక్కరకొచ్చేది ఇలాంటి సంఘమే.

పేరు పక్కన నాలుగు అక్షరాల కోసమే అయితే ఆ చందా దండగ. సమావేశాలకు వెళ్లాలి, తన కేసులు చెప్పాలి, తెలియనిది అడగాలి. అప్పుడే అది సభ్యత్వం.

మా బావమరిదికి నేను గుర్తు చేసింది ఇంకొకటుంది. ఈ తోటల్లో ఏ ఇంటికి ఆ ఇల్లు విడిగా ఉండి తెలుగును నిలబెట్టుకోలేకపోయేది. 1955లో మొదలైన ఆంధ్ర సంఘమే నేటి మలేసియా తెలుగు సంఘం. అందులో చందా కట్టిన పెద్దవాళ్లకు జీతం పెరిగిందా? మనవలకు అక్షరాలు దక్కాయి. మా బావమరిది నవ్వి ఊరుకున్నాడు.

తల్లిదండ్రులుగా మన వంతు కూడా ఉంది. మలేసియాలో 2008 నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో జ్వరం, నాడి, శ్వాస, బీపీలతో పాటు నొప్పిని ఐదో లెక్కగా చూసే పద్ధతి వచ్చింది. మీరు ఏ దేశంలో ఉన్నా, బిడ్డకు ఆపరేషన్ అంటే సర్జన్ పేరుతో ఆగకండి. మత్తు ఎవరిస్తారు, పిల్లలకు ఇచ్చే అలవాటు వారికుందా, మెలకువ వచ్చాక నొప్పిని ఎలా కొలుస్తారు, ఏం మందిస్తారు అని ముందే అడగండి. మర్యాదగా అడిగితే ఏ మంచి డాక్టరూ చిన్నబుచ్చుకోడు.

ఆ తర్వాత బిడ్డనూ అడగండి. “ఏం కాలేదు” అనే ముందు, “ఎక్కడ నొప్పి, ఎంత నొప్పి” అనండి. ఆ సాయంత్రం ఆ డాక్టరు అడిగారు కాబట్టే మా వాడు చెప్పాడు. మా మేనకోడలు రేపు ఇంకొకరి బిడ్డను అలాగే అడుగుతుంది. అందుకే మొదటి ఏడాది చందా మామయ్య కానుకగా నేనే కడతానన్నాను.