ఇచ్చిపుచ్చుకోవడమంటే ఇదేనా?

విదేశాలకు వెళ్లి డిజైన్ విద్య, అంటే రూపకల్పన విద్య, నేర్చుకురావడం ఈనాడు మన నగరాల్లో గౌరవ చిహ్నమైంది. ఇక్కడి విద్యార్థి ఒక సెమిస్టరు కాలం యూరపులో చదివివస్తాడు. అక్కడి విద్యార్థి ఇక్కడికి వస్తాడు. దీనికి విద్యార్థుల మార్పిడి అని పేరు. పేరు బాగానే వుంది. విద్యకు ఎల్లలు గీయమని ఏ అభ్యుదయవాదీ కోరడు. మన ప్రశ్న ఒక్కటే: ఈ మార్పిడిలో ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు?

జవాబు గద్వాలలో వెదకాలి. గద్వాల చీర ఒళ్లు నూలు. అంచూ కొంగూ పట్టు. నూలు పేకకూ పట్టు పేకకూ వేరువేరు నాడెలు వాడి, అంచు కలిసేచోట ఒకదానితో ఒకటి మెలివేస్తారు. కొంగు దగ్గర నూలు పడుగుకు పట్టు పడుగును పోగు పోగునా చేత్తో అతుకుతారు. రెండు దారాల స్వభావం ఎరిగి, వాటిని వైరం లేకుండా కలపడం రూపకల్పన కాకపోతే మరేది రూపకల్పన? అయినా మన లెక్కల్లో మగ్గం గుంటలో కూర్చున్నవాడు కార్మికుడు. కాగితం మీద గీత గీసినవాడు డిజైనర్!

గద్వాల నేతపనివారి పూర్వీకులను జరీనేత నేర్చుకురమ్మని సంస్థానాధీశులు కాశీకి పంపారని ఒక మాట ప్రచారంలో వుంది. నిజానిజాలెలా వున్నా ఆ మాటలో ఒక తర్కం వుంది. నేర్చుకోవడానికి పంపదగినవాడు నేతపనివాడేనని ఫ్యూడల్ ప్రభువుకైనా తోచిందట! మన ప్రజాస్వామ్యపు విద్యా ప్రణాళికల్లో ఆ ఆలోచనకు చోటేదీ?

వనపర్తి రాజభవనం 1959లో పాలిటెక్నిక్ అయింది. రాజుల మేడలో సామాన్యుని బిడ్డ చదవడం గొప్ప మార్పే. కాని అదే జిల్లా అమరచింతలో మగ్గం నేసే యింటి బిడ్డ డిజైన్ విద్యాలయంలో సీటు సంపాదించినా, మార్పిడి అతనికి అందదు. ఒప్పందం ప్రకారం అక్కడి ఫీజు మాఫీ కావచ్చు. విమానం ఖర్చు, గది అద్దె, తిండి ఎవరిస్తారు? తెలంగాణ ప్రభుత్వపు విదేశీ విద్యానిధి 20 లక్షల వరకు ఇస్తుంది. అది పీజీ చదువులకే గాని సెమిస్టరు మార్పిడికి కాదు. కనుక ఎంపిక చేసేది ప్రతిభ కాదు, తండ్రి సంచీ.

నాగర్‌కర్నూలు పల్లెల సంగతి చూడండి. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు. పరాయి చోట పని నేర్చారు, నేర్పారు. వారి ప్రయాణం వలస. కలవారి బిడ్డల ప్రయాణం మార్పిడి. ప్రయాణానికి పేరు పెట్టేది దూరం కాదు, డబ్బు.

చేనేత పాతబడిందనీ, ప్రపంచస్థాయి అక్కడే వుందనీ కొందరు వాదిస్తారు. సరే, ఆ ప్రపంచస్థాయినే సాక్ష్యమడుగుదాం. జర్మనీలోని బౌహౌస్‌లో చదివిన అన్నీ ఆల్బర్స్ నేతపై 1965లో తెచ్చిన గ్రంథాన్ని, తన గురువులంటూ ప్రాచీన పెరూ నేతపనివారికి అంకితమిచ్చింది. 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ పుట్టడానికి ఆధారమైన 1958 నాటి నివేదికలో అమెరికన్ డిజైనర్లు ఈమ్స్ దంపతులు మన యింటి చెంబును ఆదర్శంగా చూపారు. వాళ్లు మన చెంబు ముందు తలవంచారు. మన పెద్దలకు మాత్రం మన మగ్గం ముందు కూర్చోవడం నామోషీ!

మనం కోరేది దయాధర్మం కాదు. మార్పిడిలో నేతపనివారి బిడ్డలకు స్థానాలుండాలి, ఖర్చు విద్యాలయమో ప్రభుత్వమో భరించాలి. ఇక్కడికొచ్చే విదేశీ విద్యార్థి కెమెరాతో ఒకపూట వచ్చిపోవడం చాలదు. గద్వాల మగ్గం దగ్గర నెలల తరబడి పని నేర్వాలి, ఆ కాలానికి మార్కులుండాలి. నేర్పినవారికి ఉపాధ్యాయ హోదా, జీతం ఇవ్వాలి. వారి పనితనంతో పుట్టిన నమూనాపై వారి పేరుండాలి.

అంతవరకు దీన్ని మార్పిడి అనకండి. అటు పోయిన నాడె ఇటు తిరిగిరాకపోతే బట్ట నేయలేమని గద్వాలలో పసిపిల్లలకు కూడా తెలుసు.