యూరిక్ ఆమ్లం - ఒక చుక్కగుర్తు కథ



శతకాలను గురించీ, ఛందస్సును గురించీ వ్రాసుకొనే ఈ పుటలో నెత్తుటి పరీక్ష ప్రసక్తి ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నిజమే. కాని ముప్పయ్యేండ్లు తెలుగు చెప్పి బ్రతికినవాడిని. ఒక కాగితం మీద అచ్చయిన ఒక అంకెను సరిగా చదువలేక ఎనిమిది నెలలు ఇంట్లో పప్పు మానుకొన్నాను. అదే అంకెను మరొక విధంగా తప్పు చదివి మా బావ మూత్రపిండాలకు చేటు తెచ్చుకొన్నాడు. చదవడం నేర్పడమే వృత్తిగా గలవాడి ఇంట్లో రెండు తప్పు చదువులు జరిగినప్పుడు, దానిని గురించి నాలుగు మాటలు వ్రాయడం నా విధి అనిపించింది.

మా ఊరు కొండగట్టుకు దిగువన ఉన్నది. మూడేండ్ల క్రిందట చైత్రంలో, చిన్న హనుమజ్జయంతికి రెండు రోజుల ముందు, తెల్లవారుజామున కాలినడకన గట్టెక్కి ఆంజనేయస్వామి దర్శనం చేసుకొని, ఉపవాసంతోనే దిగివచ్చాను. అప్పటికి ఎండ చురుక్కుమంటున్నది. ఊళ్ళో ఏదో రక్తపరీక్షల శిబిరం పెట్టారు. 'పరగడుపున ఉన్నరు గదా సారూ, మంచిదే' అని నెత్తురు తీసుకొన్నారు. మూడవనాడు కాగితం చేతికి వచ్చింది. ఇరవై పరీక్షల పేర్లు, వాటి ఎదుట అంకెలు. అన్నీ ఇంగ్లీషులోనే. ఒక్కదాని ప్రక్కన మాత్రం చుక్కగుర్తు ఉన్నది. యూరిక్ ఆమ్లం 7.6. దాని ప్రక్క 'ఉండవలసినది 3.5 నుండి 7.2' అని ఉన్నది.

కాగితం ఇచ్చిన పిల్లవాడు, 'సారూ, గిది ఎక్కువున్నది. పప్పులన్నీ బంద్ పెట్టుండ్రి, టమాట గూడ ముట్టకుండ్రి' అన్నాడు. అంతే. నలభయ్యో యేటనే మాంసం మానుకొన్న నాకు పప్పే బలం. అదీ మానివేశాను. ఎనిమిది నెలలలో ఐదు కిలోలు తగ్గాను. మా ఇంటావిడ నాకోసం తానూ పప్పు వండడం మానుకొన్నది. ఇద్దరం చారూ మెతుకులతో సరిపెట్టుకొన్నాము. నా కీళ్ళలో ఏనాడూ వాపు లేదు, నొప్పి లేదు. చుక్కగుర్తుకు భయపడ్డాను, అంతే.

ఇక రెండవ కథ మా బావది. కోరుట్ల దగ్గర పసుపు పండించే రైతు. మాంసమూ, పొద్దుగూకితే కల్లూ అలవాటు. ఒకనాటి అర్ధరాత్రి కాలి బొటనవ్రేలు మొదట నిప్పు పెట్టినట్లు మండి, ఎఱ్ఱగా వాచి, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేనంత బాధపెట్టింది. మరునాడే పరీక్ష చేయించాడు. అంకె 6.4 వచ్చింది. చుక్కగుర్తు లేదు. 'రిపోర్టుల నార్మల్ అనే వచ్చింది గదా పంతులూ, నాగలి తగిలి బెణికినట్టుంది' అని నాతో అన్నాడు. నేనూ సరేనన్నాను. ఆ తరువాత రెండేండ్లలో అటువంటి రాత్రులు ఏడెనిమిది వచ్చాయి. వచ్చినప్పుడల్లా నొప్పి బిళ్ళలు, నొప్పి సూదులు. చివరకు కాళ్ళు ఉబ్బి ఆసుపత్రికి పోతే, క్రియాటినిన్ పెరిగిందనీ, మూత్రపిండాలు దెబ్బతింటున్నాయనీ చెప్పారు. మొదటినుండీ అది గౌటేనని అప్పుడు తేలింది.

చుక్క ఉన్న నాకు జబ్బు లేదు. చుక్క లేని బావకు జబ్బు ఉన్నది. ఇది ఎట్లా సాధ్యమని, కరీంనగరంలో వైద్యవృత్తిలో ఉన్న నా పూర్వ విద్యార్థిని అడిగాను. అతడు చెప్పినదీ, తరువాత నేను చదువుకొన్నదీ కలిపి ఇక్కడ విన్నవిస్తున్నాను.

మన శరీరంలో జీవకణాలు పాతబడి విచ్ఛిన్నమైనప్పుడు వాటిలోని ప్యూరిన్లు అనే పదార్థాలు కరిగి చివరకు యూరిక్ ఆమ్లంగా మారుతాయి. తిండి ద్వారా వచ్చేది ఇంచుమించు మూడవ వంతు మాత్రమే. తక్కినదంతా మన ఒంటిలో తయారయ్యేదే. దీనిలో మూడింట రెండు వంతులు మూత్రపిండాల ద్వారా, మిగిలినది ప్రేగుల ద్వారా బయటికి పోతుంది. రక్తంలో ఇది పెరిగిందంటే చాలామందిలో కారణం ఎక్కువ తినడం కాదు, మూత్రపిండాలు తక్కువగా విసర్జించడం. గొడ్డూగోదలో చాలావాటికి దీనిని ఇంకా విడగొట్టే యూరికేజ్ అనే ఎంజైము ఉంటుంది. మన గట్టు మీద కొబ్బరిచిప్పలు లాక్కొనే కోతులకు సైతం అది కొంత ఉన్నది. మనిషికీ, చింపాంజీ వంటి తోకలేని వానరాలకూ పరిణామక్రమంలో అది పోయింది.

విచిత్రమేమిటంటే, మనకు లేని ఆ యూరికేజ్‌తోనే నేడు ఈ పరీక్ష చేస్తారు. తీసిన నెత్తురును గిరగిర త్రిప్పి సీరం వేరుచేసి, అందులో యూరికేజ్ కలుపుతారు. అది యూరిక్ ఆమ్లాన్ని విడగొట్టినప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. దానివలన మరొక రసాయనానికి రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఆమ్లం అంత ఎక్కువ. 100 మిల్లీలీటర్ల సీరంలో ఎన్ని మిల్లీగ్రాములున్నదీ యంత్రం లెక్కగట్టి చెబుతుంది. గౌటు రోగుల నెత్తుటిలో ఈ ఆమ్లం అధికంగా ఉంటుందని 1848లో నిరూపించిన లండన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ గారడ్, తరువాత సీరంలో నూలుపోగు వేసి దానికి పట్టే స్ఫటికాలను చూచేవాడు. నూలుపోగు నుండి యంత్రానికి వచ్చాము. కాని అంకె అంకెగానే ఉన్నది. అర్థం చెప్పుకోవలసినది మనుషులే.

మొదట ఆ 'ఉండవలసిన' పరిధి సంగతి. ఆరోగ్యవంతులను కొందరిని పరీక్షించి, నూటికి తొంభైయైదుగురి అంకెలు ఏ నడుమ పడతాయో చూచి ఈ హద్దులు గీస్తారు. అంటే ఏ జబ్బూ లేనివారిలోనూ నూటికి ఐదుగురు ఆ గీతకు అవతల ఉండనే ఉంటారు. ప్రయోగశాలను బట్టి హద్దు కొంచెం మారుతుంది. ఆడవారికి హద్దు తక్కువ, సుమారు 6. ముట్లుడిగిన తరువాత వారిలోనూ పెరుగుతుంది.

పదవ తరగతి తెలుగు జవాబుపత్రాలు దిద్దిన వారికి ఇది సులభంగా బోధపడుతుంది. 35 వస్తే ఉత్తీర్ణుడు, 34 వస్తే అనుత్తీర్ణుడు. ఆ ఇద్దరి తెలుగులో భేదమెంత? గీత అవసరం గనుక గీశాము. గీతకు అటూ ఇటూ రెండు జాతుల పిల్లలున్నారని ఏ ఉపాధ్యాయుడూ నమ్మడు. 7.1కి లేని చుక్క 7.3కి వచ్చినంత మాత్రాన ఒకడు ఆరోగ్యవంతుడూ మరొకడు రోగీ కాడు.

గణాంకాల గీత ఒకటైతే, ప్రకృతి గీసిన గీత మరొకటి ఉన్నది. రక్తంలో ఈ లవణం సుమారు 6.8 మిల్లీగ్రాముల దాకా కరిగి ఉండగలదు. అంతకు మించితే స్ఫటికాలు కట్టే వీలు కలుగుతుంది. చల్లగా ఉండే కాలి వ్రేళ్ళ కీళ్ళలో అది మరీ సులువు. బొటనవ్రేలు మొదట నొప్పి రావడానికి అదొక కారణం. అయితే వీలు కలగడం వేరు, కట్టడం వేరు. ఆమ్లం పెరిగినవారిలో అధికసంఖ్యాకులకు జీవితకాలంలో గౌటు రానే రాదు.

రెండవది, అంకె స్థిరమైనది కాదు. నీళ్ళు చాలకపోయినా, దీర్ఘోపవాసమున్నా, బాగా శ్రమపడినా, ముందురాత్రి మద్యం త్రాగినా పెరుగుతుంది. రక్తపోటుకు ఇచ్చే నీటి బిళ్ళలు, గుండెకోసం వాడే చిన్న మోతాదు ఆస్పిరిన్, క్షయకు ఇచ్చే పైరజినమైడ్ కూడ పెంచుతాయి. నేను ఎండలో గట్టెక్కి దిగి, మంచినీళ్ళైనా సరిగా త్రాగకుండా చేయి చాచాను. తరువాత ఒక మామూలు రోజున, కడుపునిండా నీళ్ళు త్రాగి చేయించుకొంటే 6.7 వచ్చింది.

మూడవది మా బావను ముంచినది. గౌటు నొప్పి విజృంభించిన రోజులలో రక్తంలోని అంకె తరచుగా దిగుతుంది. నొప్పి పూర్తిగా తగ్గిన తరువాత, కనీసం రెండు వారాలు ఆగి మళ్ళీ పరీక్ష చేయించాలి. అనుమానం తీరాలంటే వాచిన కీలులోని ద్రవాన్ని సూదితో తీసి ప్రత్యేకమైన సూక్ష్మదర్శినిలో చూడాలి. సూదిమొనల వంటి స్ఫటికాలు కనబడితే అదే సాక్ష్యం. ఈ పద్ధతిని 1961లో అమెరికాలో మెక్కార్టీ, హాలండర్ అనే వైద్యులు లోకానికి చూపారు. మా బావకు ఆ తొలిసారి తరువాత రెండవ పరీక్ష ఎవరూ వ్రాయలేదు, మేమూ అడుగలేదు. ఆసుపత్రిలో చేరినప్పుడు, నొప్పి లేని రోజున చూస్తే 9.2 ఉన్నది.

ఇక పప్పు మాట. 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్యపత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 47 వేలమందికి పైగా పురుషులను 12 సంవత్సరాలు గమనించారు. మాంసం, చేపలు ఎక్కువగా తినేవారికి గౌటు ఎక్కువ. ప్యూరిన్లున్న శాకాహారం తిన్నవారికి పెరగలేదు. పాలూ పెరుగూ తీసుకొనేవారికి తగ్గింది కూడాను. కనుక మానవలసినవి కందిపప్పూ పాలకూరా కావు. మద్యం, మితిమీరిన మాంసం, ముఖ్యంగా కార్జం వంటివి, పంచదార పానీయాలు తగ్గించాలి. మూత్రపిండాల జబ్బు ముదిరినవారికి పప్పు విషయంలో వైద్యుడు వేరే కొలత చెప్పవచ్చు. అది వేరు సంగతి.

మందుల విషయమూ అంతే. ఏ బాధా లేనివారికి కేవలం అంకె పెరిగినందుకే మందు మొదలుపెట్టవద్దని అమెరికా కీళ్ళవైద్యుల సంఘం 2020లో సలహా ఇచ్చింది. పదేపదే నొప్పి వచ్చేవారికీ, కీళ్ళ దగ్గర గడ్డలు కట్టినవారికీ మాత్రం అంకెను 6కు లోపల నిలిపి ఉంచాలన్నది. అటువంటివారు నొప్పి తగ్గిందని మందు మానకూడదు. పైగా కొందరికి అల్లోప్యూరినాల్ పడక ఒంటిమీద దద్దుర్లు రావచ్చు. అవి వస్తే వెంటనే ఆపి వైద్యుని దగ్గరకు పరుగెత్తాలి. అందువలన ఇది దుకాణంలో అడిగి కొనుక్కొనే మందు కాదు.

మన ప్రాచీనులు ఈ జబ్బును ఎరుగనివారు కారు. చరకుడు చికిత్సాస్థానంలో వాతరక్తానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. దానికి ఆఢ్యవాతమని మరొక పేరు. ఆఢ్యుడంటే ధనవంతుడు. కాని నేడు ఈ జబ్బు ధనికులను ఏరుకొని రావడం లేదు. మా ప్రాంతపు రైతులకూ, గల్ఫ్ ఎండలలో చెమటోడ్చి తిరిగివచ్చిన కూలీలకూ వస్తున్నది. ఆ పేరు నేటికి చెల్లదు.

నా అభిప్రాయం ఇది. రక్తపరీక్ష చవకైనది, అవసరమైనది. 2021లో జిల్లాకేంద్రాలలో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలు తెరిచి ప్రభుత్వం పేదలకు ఉచితంగా పరీక్షలు చేయించింది. అది మెచ్చుకోదగిన పని. కాని కాగితం ఇవ్వడంతో పని సగమే అవుతుంది. అందులో ఏమున్నదో రోగికి తెలిసిన భాషలో చెప్పకపోతే, ఆ మిగిలిన సగాన్ని భయమో అలక్ష్యమో పూరిస్తుంది. నా విషయంలో భయం పూరించింది. బావ విషయంలో అలక్ష్యం. ప్రతి కాగితం అడుగున తెలుగులో మూడు వాక్యాలు అచ్చువేయడానికి ఖర్చెంత? 'ఈ ఒక్క అంకెతో జబ్బు నిర్ధారణ కాదు. కీళ్ళలో వాపు, నొప్పి ఉంటే ఈ అంకె మామూలుగా ఉన్నా వైద్యుని చూడండి. ఏ ఆహారమైనా, మందైనా వైద్యుని అడగకుండా మానవద్దు.' ఈ మూడు వాక్యాలుంటే మా ఇంట్లో రెండు అనర్థాలూ తప్పేవి.

పరిభాష లేదన్నది సాకు మాత్రమే. పైన వ్రాసినదంతా తెలుగే. యూరిక్ ఆమ్లం, క్రియాటినిన్ అనే మాటలను అట్లాగే ఉంచుకొన్నా తెలుగుకు వచ్చిన లోటేమీ లేదు. లోటంతా విడమరచి చెప్పే ఓపికలోనే ఉన్నది. మనలో వైద్యులున్నారు, ప్రయోగశాలల్లో పనిచేసేవారున్నారు, నావలె తీరికగల విశ్రాంత పంతుళ్ళున్నారు. పద్యాలకు అర్థతాత్పర్యాలు వ్రాసే మనం ఈ కాగితాలకు వ్రాయలేమా? ఒక్కొక్కరు ఒక్కొక్క పరీక్షను గురించి ఒక్క టపా వ్రాసినా చాలు. నేను చెప్పినదానిలో దోషముంటే వైద్యమిత్రులు నిస్సంకోచంగా దిద్దవచ్చు. ఎఱ్ఱసిరా నాకు కొత్త కాదు.

బావ ఇప్పుడు మందు క్రమంగా వాడుతున్నాడు. కల్లు మానాడు. మొన్నటి పరీక్షలో 5.6 వచ్చింది. క్రియాటినిన్ మాత్రం పూర్వస్థితికి రాలేదు, ఇక రాదని వైద్యులన్నారు. 'అప్పుడే ఇంకోసారి చూపించుకొమ్మని నువ్వన్న చెప్పకపోతివి పంతులూ' అంటాడు నవ్వుతూనే. ఆ నవ్వుకు నా దగ్గర జవాబు లేదు.

ఈ రోజు మా ఇంట్లో మామిడికాయ పప్పు.

స్వస్తి.