మాటకు అందని బాధ

బిడ్డ తొలి పలుకు కోసం ఇల్లంతా ఎదురుచూస్తుంది. రెండేళ్లు నిండినా 'అమ్మా' అనకపోతే, మేనమామకూ ఆలస్యంగానే మాటలు వచ్చాయని పెద్దలు ధైర్యం చెబుతారు. వసకొమ్ము అరగదీసి నాకిస్తారు. ఆలస్యానికి వినికిడి లోపం కారణం కావచ్చు కనుక, ముందుగా చెవులను పరీక్షింపజేయాలి. పిలిస్తే తిరిగి చూడకపోవడం, కావలసిన వస్తువును వేలితో చూపకపోవడం, విన్న మాటనే వల్లించడం వంటి లక్షణాలు కలిసి కనిపిస్తే అది ఆటిజం కావచ్చు.

అమెరికాలోని బాల్టిమోర్ నగరానికి చెందిన వైద్యుడు లియో కానర్ 1943లో పదకొండు మంది పిల్లలను పరిశీలించి ఈ స్థితిని వర్ణించాడు. వారిలో ఎనిమిది మందికి మాటలు వచ్చాయి. అయినా ఆ మాటలు మనసులోని భావాన్ని ఇతరులకు చేరవేయడానికి అంతగా ఉపకరించలేదు. తరువాత కొంతకాలం, తల్లి ప్రేమ కొరవడడమే దీనికి హేతువన్న నింద ప్రబలింది. ఆటిజం గల బాలుని తండ్రియైన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో తన గ్రంథంలో ఆ వాదాన్ని ఖండించాడు. శాస్త్రం ఆ నిందను విడిచిపెట్టింది. ఊరి అరుగులు ఇంకా విడిచిపెట్టలేదు.

వల్లించే మాటను అర్థరహితమని కొట్టివేయరాదు. 'నీళ్లు కావాలా?' అని బిడ్డే అంటున్నాడంటే, అతనికి దాహం వేస్తూ ఉండవచ్చు. బొమ్మల అట్టలతో అడగడం నేర్పితే మాటలు రాకుండా పోతాయన్న భయం కూడా నిరాధారం.

అసలు అన్యాయం జరిగేది వైద్యశాలలో. పంటినొప్పి, చెవిపోటు, మలబద్ధకం ఎవరికైనా వస్తాయి. నోటితో చెప్పలేని బాలుడు తలను గోడకు కొట్టుకుంటాడు. 'ఆటిజం పిల్లలు ఇంతే' అని, అతడు సద్దుమణగడానికి మాత్రలు రాసి పంపితే అసలు వ్యాధి లోపలే ముదురుతుంది. నిన్నటి వరకు లేని ప్రవర్తన నేడు కనిపించిందంటే దేహాన్ని పరీక్షించవలసిందే. సూదిని ముందుగా చూపి చెప్పడం, రణగొణధ్వని లేని చోట కూర్చోబెట్టడం, తల్లి చెప్పేది శ్రద్ధగా వినడం ఖర్చుతో కూడిన పనులు కావు.

1995 నాటి వికలాంగుల చట్టం పేర్కొన్న వైకల్యాలలో ఆటిజం లేదు. 2016 నాటి హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో అది చోటు పొందింది. వైద్యశాలలో వికలాంగులకు చూపులోను, చికిత్సలోను ప్రాధాన్యం లభించేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని ఆ చట్టంలోని 25వ సెక్షను నిర్దేశించింది. కాని ఆ ధ్రువపత్రం చేతపట్టి వరుసలో ముందుకు వెళ్లగోరిన తండ్రిని వెనుకనున్నవారు గద్దిస్తారు. పిల్లవాడు చూడడానికి ఆరోగ్యంగానే ఉన్నాడు కదా!